ఎంసీఏ ప్రవేశ పరీక్షకు ఏమేమి చదవాలి?

డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు దగ్గర పడుతుంటే మన ఇళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. తర్వాత ఏమిటి? నల్గొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ జుమా నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే తండ్రులు మమ్మల్ని ఆపి అడిగే మాట దాదాపు ఒకటే. "మౌల్వీ సాబ్, మావాడు ఎంసీఏ చదువుతానంటున్నాడు. దానికేదో పరీక్ష ఉందట. ఏం చదివించమంటారు?" అడిగేవారిలో చాలామంది మనసులో ఒక జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. అది కంప్యూటర్ చదువు కాబట్టి ముందు కంప్యూటర్ నేర్పించాలనీ, అందుకు నగరంలో ఏదో ఒక కోచింగ్ సెంటర్లో చేర్పించాలనీ అనుకుంటారు. అప్పో సప్పో చేసి పంపిస్తారు కూడా.

ఈ వారం ఆ ప్రశ్నకే వివరంగా జవాబు చెప్పాలనుకున్నాము. ముందుగా తల్లిదండ్రులు, విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. మన రాష్ట్రంలో ఎంసీఏ ప్రవేశ పరీక్షలో కంప్యూటర్‌కు సంబంధించిన ప్రశ్నలు చాలా తక్కువ. రెండు వందల ప్రశ్నల్లో పది ప్రశ్నలున్న భాగంలో, అదీ వ్యాపార పదాలతో కలిపి, కంప్యూటర్ మాటలు అడుగుతారు. మిగిలినదంతా లెక్కలు, తర్కం, ఇంగ్లీషు. అంటే పదో తరగతి దాకా శ్రద్ధగా చదివిన పిల్లవాడి దగ్గర సగానికి పైగా సామగ్రి ముందే ఉంది. ఆ సామగ్రిని తుడిచి, పదును పెట్టుకోవడమే మిగిలింది. ఆ పని దేవరకొండలో కూర్చుని చేయవచ్చు, అచ్చంపేటలో కూర్చునీ చేయవచ్చు.

ఏ పరీక్ష ఎవరికి?

డిగ్రీ తర్వాత కంప్యూటర్ చదువుకు దారులు ఒకటి కాదు. ఏ దారి ఎవరిదో తెలియకుండా పుస్తకాలు కొనడం దండగ.

మొదటిది ఐసెట్. తెలంగాణలోని విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో ఎంసీఏ, ఎంబీఏ సీట్లకు ఇదే ప్రవేశ పరీక్ష. 2025లో ఈ పరీక్షను ఉన్నత విద్యామండలి తరఫున నిర్వహించినది మన నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమే. ఆ ఏడాది జూన్ 8, 9 తేదీల్లో పరీక్ష జరిగింది. ఎంసీఏ ఒకప్పుడు మూడేళ్ళ చదువు. 2020-21 విద్యా సంవత్సరం నుంచి అది రెండేళ్ళకు తగ్గింది. ఒక ఏడాది ఖర్చు తగ్గిందంటే మన కుటుంబాలకు అది చిన్న విషయం కాదు.

రెండవది నిమ్‌సెట్. వరంగల్ మొదలైన చోట్ల ఉన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థల్లో, అంటే ఎన్ఐటీల్లో ఎంసీఏ చదవడానికి ఇది దారి. దేశమంతటికీ ఒకటే పరీక్ష. డిగ్రీలో గణితమో, స్టాటిస్టిక్సో చదివి, మంచి మార్కులు తెచ్చుకున్నవారికి ఇది తగినది.

మూడవది గేట్. ఇది ఎంటెక్ చదువుకు. బీటెక్ పిల్లలు ఎక్కువగా రాస్తారు. ఎంసీఏ పూర్తి చేసినవారు కూడా రాయవచ్చు.

ఎంఎస్సీ కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునేవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే సీపీగెట్ ఉంది. దాని ద్వారానే మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లోని పీజీ సీట్లు కూడా భర్తీ అవుతాయి. అక్కడ డిగ్రీలో చదివిన సబ్జెక్టే ముఖ్యం. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారికి మరో అవకాశం హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం. అక్కడ ఎంసీఏ ఉన్నదన్న సంగతి మన జిల్లాల్లో ఇప్పటికీ చాలామందికి తెలియదు.

మన రెండు జిల్లాల పిల్లల్లో అత్యధికులకు పనికివచ్చేది ఐసెట్ కాబట్టి దానినే ముందు విడమరచి చెబుతాము.

ఐసెట్ స్వరూపం

మొత్తం 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కనుక ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదిలిపెట్టకూడదు. పరీక్ష కాగితం మీద కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి.

ప్రశ్నపత్రంలో మూడు భాగాలు. మొదటి భాగం విశ్లేషణా సామర్థ్యం, 75 మార్కులు. రెండవ భాగం గణిత సామర్థ్యం, 75 మార్కులు. మూడవ భాగం ఇంగ్లీషులో భావ వ్యక్తీకరణ, 50 మార్కులు.

జనరల్, బీసీ విద్యార్థులకు 200లో 50 మార్కులు వస్తే అర్హత లభిస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. 2025లో పరీక్ష రాసిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది అర్హులయ్యారు. ఇది విని "అయితే తేలికే కదా!" అనుకోరాదు. అర్హత వేరు, ర్యాంకు వేరు. మంచి కళాశాలలో, ఇంటికి దగ్గరలో, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించే కన్వీనర్ కోటాలో సీటు రావాలంటే ర్యాంకు కావాలి. యాజమాన్య కోటాలోనూ, స్పాట్ అడ్మిషన్లలోనూ చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఈ తేడా తెలియక, అర్హత వచ్చిందన్న సంతోషంతో ఎక్కడో చేరి, తర్వాత ఫీజు కట్టలేక చదువు మానుకున్న పిల్లలున్నారు. పది మార్కులు ఎక్కువ తెచ్చుకోవడమంటే ఒక తండ్రి నెత్తిన అప్పు లేకుండా చేయడమే.

మొదటి భాగం: తర్కం

ఈ 75 మార్కుల్లో 20 'డేటా సఫిషియెన్సీ' అనే రకం ప్రశ్నలకు. ఇందులో జవాబు కనుక్కోమని అడగరు. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా లేదా అని మాత్రమే అడుగుతారు. ఒక ఉదాహరణ చూడండి. ఒక ఇంట్లో పిల్లలు ఎందరు? మొదటి వాక్యం: కొడుకులు కూతుళ్ళ కంటే ఒకరు ఎక్కువ. రెండవ వాక్యం: కూతుళ్ళు ముగ్గురు. మొదటి వాక్యం ఒక్కటే ఉంటే సంఖ్య తేలదు. రెండవది ఒక్కటే ఉన్నా తేలదు. రెండూ కలిస్తే కొడుకులు నలుగురు, కూతుళ్ళు ముగ్గురు, మొత్తం ఏడుగురు. కాబట్టి 'రెండూ కలిసి సరిపోతాయి' అన్నదే జవాబు.

మదరసాలో మంతిఖ్ చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. సుగ్రా, కుబ్రా అనే రెండు వాక్యాలు, వాటి నుంచి వచ్చే నతీజా. ఒక వాక్యంతో నతీజా రాదు, రెండూ కలిస్తేనే వస్తుంది. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో తరతరాలుగా చెబుతూ వచ్చిన పాఠమే నేడు కంప్యూటర్ చదువు గడప దగ్గర నిలబడి ఉంది. హాఫిజ్, ఆలిమ్ చదువుతో పాటు డిగ్రీ కూడా పూర్తి చేసిన యువకులు మన జిల్లాల్లో ఉన్నారు. ఇలాంటి పరీక్ష తమకు సంబంధించినది కాదని వారు అనుకోనవసరం లేదు.

మిగిలిన 55 మార్కుల్లో శ్రేణులు, సామ్యాలు, భిన్నమైన దానిని గుర్తించడం కలిపి 25. 2, 6, 12, 20, 30 తర్వాత ఏమి వస్తుంది? ఒక్కో సంఖ్యకూ మధ్య తేడా 4, 6, 8, 10. తర్వాతి తేడా 12. కాబట్టి జవాబు 42. ఇలాంటివి రోజుకు ఇరవై చొప్పున నెల రోజులు చేస్తే కన్ను పడగానే జవాబు తడుతుంది.

పట్టికలు, గ్రాఫులు చూసి చెప్పేవి 10. సంకేత భాష, అంటే కోడింగ్-డీకోడింగ్ 10. సీ, ఏ, టీ అక్షరాలను డీ, బీ, యూ అని రాస్తే, డీ, ఓ, జీ అక్షరాలను ఎలా రాయాలి? ప్రతి అక్షరమూ ఒకటి ముందుకు జరిగింది కాబట్టి ఈ, పీ, హెచ్. రహస్య లిపిలో రాసినదాన్ని, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి విప్పే పద్ధతిని తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్ కిందీ గ్రంథస్థం చేశాడు. నేటి సమాచార భద్రతా శాస్త్రం చరిత్రలో ఆయనకు ముఖ్యమైన స్థానం ఉంది.

చివరి 10 మార్కులు తేదీలు, సమయాలు, వరుసల లెక్కలకు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 సోమవారం. మరి 2024 జూన్ 2 ఏ వారం? మామూలు ఏడాదికి 365 రోజులు, అంటే 52 వారాల మీద ఒక రోజు. లీపు సంవత్సరమైతే రెండు రోజులు. పదేళ్ళకు పది, మధ్యలో 2016, 2020, 2024 ఫిబ్రవరుల్లో వచ్చిన మూడు అదనపు రోజులు, మొత్తం పదమూడు. పదమూడులో నుంచి ఏడు తీసేస్తే ఆరు. సోమవారం నుంచి ఆరు రోజులు ముందుకు వెళితే ఆదివారం. అంతే.

రెండవ భాగం: లెక్కలు

ఇందులో అంకగణితానికి 35, బీజగణితం, రేఖాగణితాలకు 30, సాంఖ్యక శాస్త్రానికి 10 మార్కులు.

అంకగణితంలో చదవవలసినవి ఇవి: ఘాతాంకాలు, నిష్పత్తి-అనుపాతం, కరణులు, భాజనీయత సూత్రాలు, క.సా.గు., గ.సా.భా., శాతాలు, లాభనష్టాలు, భాగస్వామ్యం, గొట్టాలు-తొట్లు, కాలం-దూరం-పని, వైశాల్యాలు, ఘనపరిమాణాలు, మాడ్యులర్ అంకగణితం. చివరి పేరు విని భయపడవద్దు. పైన వారాలు లెక్కించడానికి ఏడుతో భాగించి శేషం తీసుకున్నాము కదా, దాని పేరే అది.

ఈ లెక్కలు మన జీవితానికి దూరమైనవి కావు. విరాసత్ పంపకాన్ని చూడండి. ఒక వ్యక్తి చనిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు, వసీయత్ తీరగా 24 గుంటల భూమి మిగిలింది. సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 గుంటలు. మిగిలిన 21 గుంటలు కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున. అంటే 14, 7. మొత్తం కలిపి చూడండి, 24 సరిపోయింది. ఇందులో భిన్నాలున్నాయి, నిష్పత్తి ఉంది, 8, 3 సంఖ్యల క.సా.గు. ఉంది. భాగస్వామ్య లెక్కలు ఇవే. ఈ లెక్కను తడబడకుండా చేయగల పిల్లవాడు ఐసెట్‌లో ఆ రకం ప్రశ్నకు వెనుకాడనక్కర్లేదు.

బీజగణితం అన్న శాస్త్రానికి పునాది వేసిన వారిలో అగ్రగణ్యుడు మూసా కుమారుడు ముహమ్మద్ అల్ ఖ్వారిజ్మీ. తొమ్మిదవ శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాదులో జీవించాడు. ఆయన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అనే మాట నుంచే ఐరోపా భాషల్లో ఆల్జీబ్రా వచ్చింది. ఆయన పేరు లాటిన్ నోట మారి మారి అల్గారిథమ్ అయింది. నేడు కంప్యూటర్ చేసే ప్రతి పనికీ ఆధారమైన మాట అది. ఆ గ్రంథంలో పెద్ద భాగం విరాసత్ లెక్కలకే కేటాయించాడు. లెక్కను ఒక క్రమంలో, మెట్టు తర్వాత మెట్టుగా, ఎవరు చేసినా అదే జవాబు వచ్చేట్టు రాయడం ఆయన పద్ధతి. ఈ పూర్వీకుల పేర్లు సభల్లో చెప్పుకుని సంతోషించడం వరకే మనం ఆగిపోతున్నాము. వారు చేసిన లెక్కలు చేయడమే వారికి నిజమైన గౌరవం.

బీజగణితం, రేఖాగణితం కింద చదవవలసినవి: సమితులు, సంబంధాలు, ప్రమేయాలు, ప్రవచనాలు, సత్యపట్టికలు, బహుపదులు, శేష సిద్ధాంతం, రేఖీయ సమీకరణాలు, శ్రేఢులు, ద్విపద సిద్ధాంతం, మాత్రికలు, అవధి, అవకలనం అనే భావనలు, త్రికోణమితి, ఎత్తులు-దూరాలు, త్రిభుజాలు, వృత్తాలు, నిరూపక జ్యామితి. వీటిలో ఎక్కువ భాగం పదో తరగతి గణితంలో ఉంది. ద్విపద సిద్ధాంతం, మాత్రికలు, అవధి వంటి కొన్ని మాత్రం ఇంటర్‌వి. బైపీసీ, సీఈసీ చదివినవారు వీటిని చివర్లో చదువుకోవచ్చు.

సత్యపట్టికలు కేవలం ఆలోచన మీద ఆధారపడినవి. "వర్షం బాగా పడితే చెరువు నిండుతుంది" అన్నది నిజమనుకోండి. "చెరువు నిండింది కాబట్టి వర్షం బాగా పడింది" అనవచ్చా? అనకూడదు. ఎత్తిపోతల కాలువ నీళ్ళతోనూ మన పాలమూరు చెరువులు నిండుతున్నాయి. కానీ "చెరువు నిండలేదు కాబట్టి వర్షం బాగా పడలేదు" అనవచ్చు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే కొన్ని మార్కులు ఖాయం.

సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం, ప్రామాణిక విచలనం, సహసంబంధం, సంభావ్యత. పది మార్కులు వారం రోజుల శ్రమతో దక్కుతాయి.

మూడవ భాగం: ఇంగ్లీషు

మన పిల్లలు ఎక్కువగా భయపడేది ఇక్కడే. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదువుకున్నవారు "ఇంగ్లీషు మాకు రాదు" అని ముందే చేతులెత్తేస్తారు. 50 మార్కులను విడదీసి చూస్తే భయం తగ్గుతుంది. పదజాలం 10, వ్యాపార, కంప్యూటర్ పదాలు 10, వ్యాకరణం 15, పేరాలు చదివి జవాబులు చెప్పడం 15.

వ్యాకరణంలో అడిగేవి కాలాలు, విభక్తి మాటలు, ఆర్టికల్స్, వాక్య రూపాల మార్పు వంటి నిత్యం వాడే అంశాలు. అరబీలో సర్ఫ్, నహూ నేర్చిన పిల్లలకు వ్యాకరణమంటే ఏమిటో మరొకరు చెప్పాలా? పేరాలు చదవడానికి ఒకే మందు. రోజూ ఒక ఇంగ్లీషు వార్తాపత్రికలో ఒక వార్త పూర్తిగా చదవాలి. తెలియని ఐదు మాటలు నోటు పుస్తకంలో రాసుకోవాలి. నాలుగు నెలల్లో ఆరు వందల మాటలవుతాయి. కంప్యూటర్ పదాల్లో మెమరీ, ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్, వైరస్ వంటివి, వ్యాపార పదాల్లో షేరు, డివిడెండ్, ఇన్‌వాయిస్ వంటివి తెలుసుకుంటే చాలు.

మా తరగతిలో మేము పాటించే పద్ధతి ఒకటి చెబుతాము. నోటు పుస్తకంలో మూడు నిలువు గీతలు గీసి లెక్కల మాటలను మూడు భాషల్లో రాయిస్తాము. ఔసత్, సగటు, యావరేజ్. ఫీసద్, శాతం, పర్సెంటేజ్. నిస్బత్, నిష్పత్తి, రేషియో. రఖ్బా, వైశాల్యం, ఏరియా. ముసల్లస్, త్రిభుజం, ట్రయాంగిల్. పిల్లవాడికి లెక్క వచ్చి కూడా ప్రశ్నలో మాట అర్థం కాక ఆగిపోయే పరిస్థితి దీనితో తప్పుతుంది. ఇలాంటి మాటలు వంద రాసుకుంటే గణిత భాగమంతా గడిచిపోతుంది.

పై మెట్టు పరీక్షలు

డిగ్రీలో గణితం చదివి, ఐసెట్ లెక్కలు సులువుగా అనిపించే పిల్లలు నిమ్‌సెట్ వైపు చూడాలి. ఇటీవలి పద్ధతి ప్రకారం 120 ప్రశ్నలు, వెయ్యి మార్కులు. గణితం 50 ప్రశ్నలే అయినా ఒక్కోదానికి 12 మార్కులు చొప్పున 600 మార్కులు దానివే. తర్కానికి 240, కంప్యూటర్ పరిజ్ఞానానికి 120, ఇంగ్లీషుకు 40. తప్పు జవాబుకు నాలుగో వంతు మార్కులు పోతాయి. కనుక ఐసెట్‌లో మాదిరి అన్నీ గుర్తుపెట్టి రాకూడదు. సమితులు, తర్కం, సంభావ్యత, బీజగణితం, నిరూపక జ్యామితి, కలనం, సదిశలు, త్రికోణమితి ఇంటర్ స్థాయిలో గట్టిగా చదవాలి. కంప్యూటర్ భాగంలో ద్విసంఖ్యామానం, బూలియన్ బీజగణితం, కంప్యూటర్ అంతర్నిర్మాణం ముఖ్యం. డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే జాగ్రత్త పడాలి.

గేట్ మరో ప్రపంచం. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. ఇక్కడ మాత్రం నిజంగా కంప్యూటర్ శాస్త్రమే చదవాలి. సాధారణ సామర్థ్యానికి 15, ఇంజనీరింగ్ గణితానికి 13 పోగా మిగిలిన 72 మార్కులు సబ్జెక్టువి. చదివే వరుస కూడా ముఖ్యమే. ముందు డిస్క్రీట్ గణితం. తర్వాత సీ భాషలో ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు. వాటి మీద అల్గారిథమ్‌లు. ఆ తర్వాత డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, నెట్‌వర్కులు. చివరగా థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్లు. పునాది లేకుండా పై అంతస్తు కట్టినట్టు, డేటా స్ట్రక్చర్లు రాకుండా కంపైలర్లు చదివితే ప్రయోజనం లేదు. 2024 నుంచి డేటా సైన్స్, కృత్రిమ మేధకు వేరే పేపరు కూడా పెట్టారు. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది.

ఐసెట్ రాసే పిల్లవాడు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రవేశ పరీక్షలో కంప్యూటర్ లేదని చెప్పాము గానీ చదువులో లేదని చెప్పలేదు. పరీక్ష అయ్యాక తరగతులు మొదలయ్యేదాకా దొరికే నెలల్లో సీ భాషనో, పైథాన్‌నో మొదలుపెట్టినవాడు ఎంసీఏలో నిలదొక్కుకుంటాడు.

నాలుగు నెలల ప్రణాళిక

ఐసెట్ సాధారణంగా వేసవిలో వస్తుంది. నోటిఫికేషన్ దాకా ఆగకుండా జనవరిలోనే మొదలుపెట్టాలి. డిగ్రీ చదువుకు భంగం లేకుండా రోజుకు రెండు గంటలు చాలు. ఫజర్ తర్వాత ఒక గంట లెక్కలకు, ఇషా తర్వాత ఒక గంట తర్కానికి, ఇంగ్లీషుకు.

మొదటి నెల ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణిత పాఠ్యపుస్తకాలు. ఇవి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాధ్యమాల్లో ఉన్నాయి. ఇంట్లో తమ్ముడివో, చెల్లెలివో ఉంటే కొననక్కర కూడా లేదు. రెండవ నెల శ్రేణులు, సంకేతాలు, డేటా సఫిషియెన్సీ. మూడవ నెల ఇంటర్ గణితంలోని అంశాలు, సాంఖ్యక శాస్త్రం, వ్యాకరణం. నాలుగవ నెల పాత ప్రశ్నపత్రాలు. గడియారం పెట్టుకుని, వారానికి రెండు పూర్తి పేపర్లు రాయాలి. వాటిలో కొన్నైనా కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కళాశాల ల్యాబులో అడగాలి. మౌస్ పట్టుకోవడం కొత్తయితే 45 సెకన్లలో సగం దానికే పోతాయి.

నలుగురైదుగురు కలిసి చదవడం మేలు. మస్జిద్ పక్కన మక్తబ్ గది సాయంత్రాలు ఖాళీగా ఉండే ఊళ్ళు చాలా ఉన్నాయి. కమిటీ పెద్దలు ఒక బల్ల, ఒక లైటు, పాత ప్రశ్నపత్రాల కట్ట ఏర్పాటు చేస్తే ఊరంతటికీ ఉపయోగం. ఏ మతం పిల్లలు వచ్చినా కూర్చోనివ్వాలి.

కాగితాల సంగతి

చదువెంత ముఖ్యమో కాగితాలు అంత ముఖ్యం. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ జాబితాలోని వర్గాలవారు మీసేవలో కుల ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. ఆ జాబితాలో లేనివారు అర్హత ఉంటే ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రం తీసుకోవచ్చు. బీసీ-ఈ రాష్ట్ర జాబితా. నిమ్‌సెట్, గేట్ వంటి వాటికి కేంద్ర ఓబీసీ జాబితా వేరు. అందులో తమ వర్గం ఉందో లేదో చూసుకుని గానీ దరఖాస్తులో గడి నింపరాదు. ఆదాయ ధ్రువపత్రం, మెమోలు, టీసీ అన్నింటిలో పేరు ఒకే విధంగా ఉండాలి. ఒకచోట మహమ్మద్ అనీ, ఒకచోట ఎండీ అనీ, మరొకచోట మొహమ్మద్ అనీ ఉంటే కౌన్సెలింగ్ రోజున తిప్పలు తప్పవు. ఇది మన ఇళ్ళలో ఉన్న పాత జబ్బు. పరీక్షకు ముందే సరిచేయించుకోవాలి.

ఎంసీఏకు డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 45 శాతం మార్కులుండాలి. గణితం చదివి ఉండాలా అన్న నిబంధన ఈ మధ్య మార్పులకు లోనైంది. కనుక ఏ ఏడాది రాస్తే ఆ ఏడాది సమాచార పుస్తకం స్వయంగా చదవాలి. ఎవరో చెప్పారని దరఖాస్తు మానుకోవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట

ముస్లింలలో ఇరవై ఏళ్ళు దాటినవారిలో పట్టభద్రులు నాలుగు శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ రాసింది. అందరి సగటు ఏడు శాతం ఉన్న లెక్కలవి. ఆ తర్వాత పరిస్థితి కొంత కదిలింది. నేడు మన రెండు జిల్లాల డిగ్రీ కళాశాలల్లో బుర్ఖా వేసుకుని కంప్యూటర్ సైన్స్ తరగతికి వెళ్ళే ఆడపిల్లలున్నారు. వారిలో చాలామంది చదువు డిగ్రీతో ఆగిపోతోంది. "హైదరాబాద్ పంపలేము" అన్నది తండ్రులు చెప్పే కారణం. ఆ మాటలోని ఆందోళనను మేము తేలికగా తీసుకోము. కానీ మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయంలోనే ఎంసీఏ ఉంది. వెబ్ ఆప్షన్లలో దగ్గరి కళాశాలను ముందు పెట్టుకోవచ్చు. కోరుకున్న చోట సీటు దక్కాలంటే మళ్ళీ ర్యాంకే కావాలి. కాబట్టి దూరం పంపడం ఇష్టం లేని తండ్రి చేయవలసిన పని చదువు మాన్పించడం కాదు. ఆ నాలుగు నెలలు కూతురికి వంటింటి పని తగ్గించి, రోజుకు రెండు గంటలు ఎవరూ పిలవని ఒక మూల చూపించడం.

నల్గొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరం. 1998లో అక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ నగరంలో ఎన్నో భవనాలకు మట్టి మోసిన చేతుల్లో పాలమూరు కూలీల చేతులున్నాయి. ఆ కూలీల మనవలు నేడు డిగ్రీ చదువుతున్నారు. ఆ భవనాల్లో కుర్చీ వేసుకుని కూర్చోవడానికి వారికి కావలసిన మొదటి మెట్టు క.సా.గు., శాతాలు, సత్యపట్టికలు, రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు.

ఈ ఆదివారమే అటక మీద నుంచి పదో తరగతి గణిత పుస్తకం దింపించండి. మొదటి అధ్యాయం వాస్తవ సంఖ్యలు. అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.